డిస్నీ వరల్డ్‌కి పెద్దవాళ్ళతో, చంటిపిల్లలతో వెళ్తున్నారా? భోజనం ఎక్కడ పెట్టుకోవాలంటే

ఓర్లాండో దగ్గరి డిస్నీ వరల్డ్‌కి వెళ్ళే మనవాళ్ళు విమానం టికెట్లు, పార్కు టికెట్లు, ఏ రైడ్ ముందు ఎక్కాలి అన్నవన్నీ నెలల ముందే కూర్చుని చూసుకుంటారు. తిండి సంగతి మాత్రం "అక్కడికెళ్ళాక చూద్దాంలే" అని వదిలేస్తారు. ఇద్దరు స్నేహితులు వెళ్తే అలా సరిపోతుంది. ఎక్కడో ఒకచోట పిజ్జా ముక్క తిని మళ్ళీ లైన్లో నిలబడొచ్చు. ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు, ఏడాది నిండని పాప, స్కూలుకెళ్ళే పిల్లలు అందరూ కలిసి వెళ్తే అలా కుదరదు. జులై ఎండలో, చేతిలో ట్రేలు పట్టుకుని ఖాళీ టేబుల్ కోసం తిరగడం పెద్దవాళ్ళ వల్ల కాదు.

మేము టాంపాలో ఉంటాం. అక్కడి నుంచి డిస్నీకి కారులో గంట, గంటన్నర. అందుకని అమెరికా చూడడానికి వచ్చే మా రెండు వైపుల బంధువులూ మా ఇంట్లోనే దిగుతారు. అందరినీ డిస్నీకి తీసుకెళ్ళడం మా వారి పని, భోజనాలు చూడడం నా పని. ఈ పని నాకు చాలా ఇష్టం కూడా. పార్కులో రోజంతా ఎవరి దారి వాళ్ళదే అవుతుంది. పిల్లలు రైడ్ల దగ్గర, పెద్దవాళ్ళు నీడలో బెంచీ మీద. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకునేది టేబుల్ దగ్గరే.

నేను పాటించే పద్ధతి ఒక్కటే. మనతో వచ్చేవాళ్ళలో ఎవరికి తినడానికి అన్నిటికంటే తక్కువ దొరుకుతాయో, ఎవరు అన్నిటికంటే త్వరగా అలసిపోతారో చూసి, వాళ్ళకి సరిపోయే చోటే ఎంచుకుంటాను. మిగతావాళ్ళు ఎలాగైనా సర్దుకుంటారు. మా ఇంట్లో మొదటి మనిషి మా అత్తయ్య, గుడ్డు కూడా ముట్టరు. రెండో మనిషి నాలుగేళ్ళ మా అబ్బాయి, కళ్ళతో చూసి నచ్చితేనే నోట్లో పెట్టుకుంటాడు. మామయ్యకి షుగర్ కాబట్టి ఆయనకి ఏం పెట్టాలన్నదానికంటే ఎన్నింటికి పెట్టాలన్నది ముఖ్యం. మీ ఇంట్లో ఆ మనుషులెవరో ముందు అనుకోండి, ఆ తర్వాతే మెనూలు తెరవండి. డిస్నీ వెబ్‌సైట్లో ప్రతి రెస్టారెంట్ మెనూ ధరలతో సహా ఉంటుంది. మెనూలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు ఒకసారి, వెళ్ళే వారంలో ఇంకోసారి చూడండి.

ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

అక్కడ తిండి దొరికే చోట్లు రెండు రకాలు. కౌంటర్ దగ్గరో ఫోన్ యాప్‌లోనో ఆర్డర్ చేసి ట్రే మనమే తెచ్చుకునేవి క్విక్ సర్వీస్. మనల్ని కూర్చోబెట్టి చూసుకునేవి టేబుల్ సర్వీస్. ఈ రెండో రకంలో మళ్ళీ కొన్ని పద్ధతులున్నాయి. మెనూ చూసి ఎవరికి కావలసింది వాళ్ళు చెప్పుకునేవి కొన్ని. తలకి ఇంత అని కట్టి, కావలసినంత వడ్డించుకునే బఫేలు కొన్ని. ధర తలకే అయినా, వంటల్ని పెద్ద పళ్ళేలలో టేబుల్ దగ్గరికే తెచ్చి, అయిపోతే మళ్ళీ తెచ్చే ఫ్యామిలీ స్టైల్ ఇంకోటి. స్టార్టర్, మెయిన్, స్వీటు కలిపి ఒకే ధర పెట్టే ఫిక్స్‌డ్ మెనూ మరొకటి.

బఫే అంటే పిల్లలున్న ఇంటికి సుఖమే. మా అబ్బాయిలాంటి పిల్లలకి మెనూలో పేరు చదివి చెప్తే "వద్దు" అంటారు. ఎదురుగా మ్యాకరోనీ కనబడితే ప్లేటు చాపుతారు. ఆకలితో ఏడుస్తున్న పిల్లకి ఆర్డర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, కూర్చున్న రెండు నిమిషాల్లో ఏదో ఒకటి చేతిలో పెట్టొచ్చు. బాగా తినే టీనేజ్ పిల్లలకీ గిట్టుబాటే. కానీ మా అత్తయ్యలా రెండు స్పూన్ల అన్నం, కాస్త పెరుగు తినేవాళ్ళకి, మిక్కీ, మిన్నీలాంటి పాత్రలు వచ్చే బఫేలో పెద్దవాళ్ళ ధర 50 డాలర్ల పైనే అని తెలిస్తే ముద్ద దిగదు. అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్న గుంపుకి ఎవరిది వాళ్ళు చెప్పుకునే మెనూయే మంచిది. ఒక సూపు, ఒక పక్క వంటకంతో వాళ్ళ భోజనం అయిపోతుంది, డబ్బు వృథా అయిందన్న బాధ ఉండదు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఫ్యామిలీ స్టైల్ నాకు బాగా నచ్చుతుంది. ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడక్కర్లేదు. పెళ్ళిభోజనంలో లాగా కూర్చున్నచోటికే అన్నీ వస్తాయి. అయితే అందరికీ కలిపి ఒకే పళ్ళెంలో మాంసం, కూరగాయలు పక్కపక్కనే వస్తాయి. శాకాహారులకి విడిగా తెమ్మని కూర్చున్న వెంటనే చెప్పాలి. పళ్ళెం టేబుల్ మీదకి వచ్చాక చెప్తే అప్పటికే పెద్దవాళ్ళ మనసు విరిగిపోతుంది.

పిల్లల వయసు లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. బఫేలోనూ ఫ్యామిలీ స్టైల్లోనూ 3 ఏళ్ళు నిండని పిల్లలకి డబ్బు తీసుకోరు. 3 నుంచి 9 ఏళ్ళ వరకు పిల్లల ధర. 10 నిండితే పెద్దవాళ్ళ ధరే. ఎంత తింటారన్నదాంతో సంబంధం లేదు. మీ పిల్లకి పదో పుట్టినరోజు దగ్గర్లో ఉంటే, కుదిరితే ట్రిప్ ఆ లోపే పెట్టుకోండి. పార్కు టికెట్‌కీ ఇదే వయసు లెక్క.

గంట చూసుకోవడం

నన్నడిగితే రెస్టారెంట్ పేరుకంటే టైమ్ ముఖ్యం. కూర్చుని తినే భోజనం అక్కడ తిండి మాత్రమే కాదు, గంట, గంటన్నర ఏసీలో విశ్రాంతి కూడా. ఆ విశ్రాంతి అవసరమైన సమయంలోనే పడాలి.

ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబర్ వరకు మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన దాదాపు ప్రతిరోజూ ఉండే సంగతే. మెరుపులు కనబడగానే బయట ఉండే రైడ్లు ఆపేస్తారు. అందుకని వేసవిలో వెళ్ళేవాళ్ళకి మధ్యాహ్నం 2:30, 3 గంటల మధ్య టేబుల్ బుక్ చేసుకోమంటాను. బయట వాన కురుస్తుంటే మీరు లోపల కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. పాప నిద్రపోయే టైమ్ కూడా అదే అవుతుంది. పైగా అందరికీ కావలసిన 12, 1 గంటల టేబుళ్ళు ముందు అయిపోతాయి, ఈ టైమ్‌కి దొరకడం తేలిక.

రెండోది, బ్రేక్‌ఫాస్ట్ బఫేలో చివరి టైమ్. సాధారణంగా బ్రేక్‌ఫాస్ట్ ధర రాత్రి భోజనం ధర కంటే తక్కువ. ఉదయం పదిన్నర ప్రాంతంలో చివరి స్లాట్ దొరికితే అదే మధ్యాహ్న భోజనం కూడా అయిపోతుంది. పార్కు తెరవగానే జనం తక్కువగా ఉన్నప్పుడు రెండు రైడ్లు చూసుకుని, ఎండ ముదిరే వేళకి లోపలికి వెళ్తారు. కానీ షుగర్ ఉన్నవాళ్ళని పదిన్నర దాకా ఖాళీ కడుపుతో ఉంచకూడదు. మామయ్యకి నేను ఉదయం ఏడింటికే ఇంటి నుంచి తెచ్చిన ఉప్మా పెట్టి మాత్ర వేయిస్తాను. టేబుల్ టైమ్ అంటే ప్లేటులో తిండి పడే టైమ్ అని కూడా అనుకోవద్దు. కూర్చోబెట్టడానికి కాస్త ఆలస్యం కావొచ్చు. బ్యాగులో బాదంపప్పో బిస్కెట్లో ఉండాలి.

ఇండియా నుంచి వచ్చి వారం కూడా కానివాళ్ళని తీసుకెళ్తుంటే ఇంకో మాట. వేసవిలో మనకి సాయంత్రం 6 అంటే అక్కడ తెల్లవారుజాము 3:30. వాళ్ళ ఒళ్ళు ఇంకా ఆ టైమ్‌లోనే ఉంటుంది. రాత్రి 8 గంటలకి మీరు ఎంత మంచి చోట టేబుల్ బుక్ చేసినా వాళ్ళు కుర్చీలోనే కునుకుతారు. తెల్లారి మూడింటికే లేచి కూర్చుంటారు కాబట్టి మొదటి వారంలో వాళ్ళకి బ్రేక్‌ఫాస్టే సరైన భోజనం. రాత్రి భోజనం తప్పనిసరైతే 5 గంటలకి మించకుండా చూడండి.

వారం కూడా చూసుకోండి. మా అత్తయ్య శనివారం ఒంటిపూట ఉంటారు. ఆ రోజు రాత్రి బఫే పెట్టుకుంటే ఆవిడ పండ్లు తింటూ కూర్చోవాలి, మనకేమో తినబుద్ధి కాదు. ఏకాదశి, శ్రావణమాసం, కార్తీక సోమవారాలు ట్రిప్‌లో పడతాయేమో పెద్దవాళ్ళని ముందే అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, "మీరు తినండమ్మా" అంటారు.

శాకాహారులు ఉంటే

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మనవాళ్ళకి అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే.

డిస్నీ మెనూల్లో కొన్ని వంటల పక్కన పచ్చటి ఆకు గుర్తు ఉంటుంది. 2019లో మొదలుపెట్టారు. ఆ గుర్తు ఉందంటే అందులో మాంసం, చేప, గుడ్డు, పాలు, వెన్న, తేనె ఏవీ వాడలేదని. అంటే మన పెద్దవాళ్ళు తినే దానికంటే కూడా గట్టి నియమం. ఆకు గుర్తున్నది కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. గుర్తు లేనివాటిలో కూడా జున్ను, పాలు వేసిన శాకాహారం ఉండొచ్చు, అక్కడే అడగాల్సి వస్తుంది. అడిగేటప్పుడు "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో ఆపొద్దు. అమెరికాలో ఆ మాటలో గుడ్డు కలిసే ఉంటుంది. "మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, పాలు, పెరుగు పర్వాలేదు" అని విడమరిచి చెప్పండి. కూరగాయల సూపు చికెన్ ఉడికించిన నీళ్ళతో చేశారా, అన్నం దేంతో వండారు, బీన్స్‌లో పందికొవ్వు కలిపారా, ఫ్రైస్ చికెన్ వేయించిన నూనెలోనే వేయించారా, ఈ నాలుగూ అడగండి. స్వీట్లలో మూస్, జెల్లీ, మార్ష్‌మాలో లాంటివాటిలో జెలటిన్ ఉండొచ్చు. గొడ్డుమాంసం తినని మాంసాహారులు కూడా సాస్ దేంతో చేశారో అడగాలి.

వెయిటర్‌కి ఇవన్నీ తెలియకపోవచ్చు. చెఫ్‌తో గానీ ఆహార నియమాల సంగతి తెలిసిన మనిషితో గానీ మాట్లాడతామని మర్యాదగా అడగండి. ఈ విషయంలో డిస్నీ మీద నాకు నమ్మకం ఉంది. బఫే దగ్గర పక్కన నడుస్తూ ఏది తినొచ్చో, ఏది తినకూడదో చూపిస్తారు. మొహమాటపడకండి, అలర్జీ ఉన్నవాళ్ళు రోజూ ఎందరో అడుగుతూనే ఉంటారు.

బఫేలో ఇంకో చిక్కుంది. ఒక ట్రేలోని గరిటె ఇంకో ట్రేలోకి వెళ్తూ ఉంటుంది. మనం పట్టించుకోకపోయినా అత్తయ్య చూస్తారు, ఆ తర్వాత ఆ వరసలోది ఏదీ ముట్టరు. అందుకని ఆవిడ కోసం వంటింటి నుంచి విడిగా ఒక ప్లేటు తెప్పించమని అడుగుతాను. దానికి ఎక్కువ డబ్బు అడగరు, వేడివేడిగా వస్తుంది కూడా.

ఇక చోట్లు. శాకాహారులున్న తెలుగువాళ్ళు ఒక్క పూటే ఖర్చు పెట్టాలనుకుంటే నేను ముందుగా చెప్పేది సనా. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే రిసార్ట్‌లో, అంటే డిస్నీ వాళ్ళ హోటల్లో, కిడానీ విలేజ్ అనే భవనంలో ఉంటుంది. ఆఫ్రికా, భారతదేశపు రుచులు కలిపి వండుతారు. అక్కడి బ్రెడ్ సర్వీస్ పేరున్నది. 5 రకాల రొట్టెలు, వాటితో 9 రకాల చట్నీలు, పచ్చళ్ళు వస్తాయి. నాన్, రైతా, మామిడి చట్నీ, కొత్తిమీర చట్నీ, చింతపండు చట్నీ, వెల్లుల్లి పచ్చడి లాంటివి టేబుల్ మీద పరుచుకుని అందరూ పంచుకోవచ్చు. నాలుగు రోజులు చప్పటి తిండి తిన్నాక ఆ పుల్లదనం, కారం నాలుకకి తగిలితే పెద్దవాళ్ళ మొహాలు మారతాయి. కిటికీల బయట జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. కిటికీ పక్క టేబుల్ వస్తుందన్న గ్యారంటీ లేదు, తిన్నాక బయటికి నడిచి చూడొచ్చు. చీకటి పడితే ఏమీ కనబడదు కాబట్టి డిసెంబరులో వెళ్తే మధ్యాహ్న భోజనమే బుక్ చేయండి. అప్పుడు అక్కడ ఐదున్నరకే పొద్దు గూకుతుంది.

అదే లాడ్జ్‌లో జాంబో హౌస్ భవనంలో బోమా ఉంది, ఇది బఫే. ఉదయం, రాత్రి మాత్రమే, మధ్యాహ్నం ఉండదు. సూపులు, పప్పుగింజలు, కూరగాయలు, మసాలా తగిలిన వంటలు ఎక్కువగా ఉండడంతో మాంసం తినేవాళ్ళూ తిననివాళ్ళూ కలిసి ఉన్న కుటుంబానికి నాకు తెలిసిన బఫేల్లో ఇదే మంచిది. పిల్లల దగ్గరికి మిక్కీ లాంటివాళ్ళెవరూ రారు, ఆ ఆశ పెట్టి తీసుకెళ్ళొద్దు. జీబ్రా డోమ్ అనే చాక్లెట్ స్వీటు అక్కడ చాలా పేరున్నది, అందులో అమరులా అనే లిక్కర్ కలుస్తుంది. అత్తమామలకి తెలియకుండా ప్లేటులో పెట్టకండి, చెప్పి పెట్టండి.

ఈ రెండూ పార్కు లోపల లేవు, రిసార్ట్‌లో ఉన్నాయి. దీని లాభం చూడండి. పార్కు టికెట్ అక్కర్లేదు. టికెట్ కొనని రోజు, అంటే వచ్చిన రోజో విశ్రాంతి రోజో అక్కడ పెట్టుకుంటే ఆ రోజు కూడా డిస్నీకి వెళ్ళినట్టే ఉంటుంది. లాడ్జ్‌కి మోనోరైల్ లేదు, బస్సులోనో కారులోనో వెళ్ళాలి. కారు అయితే గేటు దగ్గర రిజర్వేషన్ చూపించాలి.

పార్కు లోపలే కావాలంటే, డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులున్నాయి: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. వీటిలో ఎప్‌కాట్‌లో ఒక్కో దేశం పేరుతో ఒక్కో విభాగం ఉంటుంది, అక్కడి ఇటలీ విభాగంలో వియా నాపోలి ఉంది. కట్టెల పొయ్యిల్లో పిజ్జాలు చేస్తారు. మూడు పొయ్యిలు, వాటికి ఎట్నా, వెసూవియో, స్ట్రాంబోలి అని అగ్నిపర్వతాల పేర్లు. పెద్ద పిజ్జా ఒకటి తీసుకుంటే నలుగురు పంచుకోవచ్చు, పిల్లలూ ఎదురు చెప్పరు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అడ్వెంచర్‌ల్యాండ్ వైపు ఉండే స్కిప్పర్ క్యాంటీన్ ఎవరిది వాళ్ళు చెప్పుకునే మెనూ. ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా రుచులు, ఆ పార్కులో కాస్త కారంగా ఏదైనా దొరికే చోట్లలో అదొకటి.

ఎప్‌కాట్‌లోనే ది ల్యాండ్ అనే భవనంలో గార్డెన్ గ్రిల్ ఉంది, ఫ్యామిలీ స్టైల్. రెస్టారెంట్ మొత్తం మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటుంది. చిప్, డేల్ ఉడతలు టేబుల్ దగ్గరికి వస్తాయి. కింద పడవ రైడ్‌లో మనకి కనబడే తోటల్లో పండిన కూరగాయలు కొన్ని ఈ వంటల్లో వాడతారు. ముందు పడవ ఎక్కి టమాటా తీగలు చూపించి, ఆ తర్వాత పైకి తీసుకెళ్తే పిల్లలు కూరగాయ ముక్క నోట్లో పెట్టుకుంటారు. చేయి కడుక్కోవడానికి పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు. తిరిగొచ్చేసరికి టేబుల్ వేరే చోట ఉంటుంది, కంగారు పడతారు.

మాంసాహారమే ఇష్టపడే జట్టుకి వేరే దారులున్నాయి. మా మరిది కుటుంబం డాలస్ నుంచి వస్తే వాళ్ళకి రొయ్యలు, పీతలు కావాలి. బీచ్ క్లబ్ రిసార్ట్‌లో కేప్ మే కేఫ్ రాత్రి బఫే సముద్రపు చేపలకి పేరున్నది. ఎప్‌కాట్ వెనక గేటు నుంచి నడిచి వెళ్ళొచ్చు. మిన్నీ అక్కడికి ఉదయం పూటే వస్తుంది, రాత్రి రాదు. ఎప్‌కాట్ జర్మనీ విభాగంలోని బీర్‌గార్టెన్ బఫేలో బ్యాండ్ మేళం ఉంటుంది, హుషారుగా ఉంటుంది. కాకపోతే పొడుగాటి టేబుళ్ళ దగ్గర తెలియనివాళ్ళతో కలిపి కూర్చోబెట్టొచ్చు. బిడియపడే పెద్దవాళ్ళకీ, శాకాహారులకీ అది నప్పదు.

పాత్రలు వచ్చే భోజనాలు

మిక్కీని కలవడానికి పార్కులో లైన్లో చాలాసేపు నిలబడాలి. ఈ భోజనాల్లో వాళ్ళే టేబుల్ దగ్గరికి వచ్చి ఫొటో దిగుతారు. ఆ 50 డాలర్ల పై ధరలో సగం దీనికే కడుతున్నామని నేననుకుంటాను. పిల్లలకి పాత్రల మీద మోజు లేకపోతే ఆ డబ్బు వేరేచోట పెట్టండి.

చెఫ్ మిక్కీస్ కాంటెంపరరీ రిసార్ట్‌లో ఉంది, మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి పది నిమిషాల నడక. ఆ భవనం లోపల నుంచే మోనోరైల్ వెళ్తుంది. సందడి ఎక్కువ, మధ్యమధ్యలో అందరూ న్యాప్‌కిన్లు గిరగిరా తిప్పుతారు. నాలుగేళ్ళు దాటిన పిల్లలకి పండగే. చెవులకి మిషన్ పెట్టుకునేవాళ్ళకి మాత్రం ఇబ్బంది. అంత హోరు వద్దనుకుంటే మ్యాజిక్ కింగ్‌డమ్ లోపలి క్రిస్టల్ ప్యాలెస్ చూడండి. అద్దాల పైకప్పుతో వెలుతురుగా ఉంటుంది, ఎలుగుబంటి పూ, అతని నేస్తాలు వస్తారు. యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీకి దగ్గర్లో టస్కర్ హౌస్ ఉంది, డోనల్డ్ బృందం వస్తుంది, మసాలా తగిలిన వంటలు కూడా దొరుకుతాయి. అన్నీ కలిపి చూస్తే పెద్దలూ పిల్లలూ ఉన్న మనలాంటి గుంపుకి పార్కు లోపలి బఫేల్లో నా ఓటు దీనికే. రాకుమార్తెల పిచ్చి ఉన్న ఆడపిల్లకి ఎప్‌కాట్‌లో నార్వే విభాగంలోని అకెర్స్‌హుస్. సిండ్రెల్లా కోట లోపలి రాయల్ టేబుల్‌కి ధర ఇంకా ఎక్కువ, టేబుల్ దొరకడం ఇంకా కష్టం.

ఏడాది, రెండేళ్ళ పిల్లలు ఆ పెద్ద పెద్ద బొమ్మల తలల్ని చూసి భయపడి ఏడవడం మామూలే. ముందు రోజు ఇంట్లో వీడియో చూపించండి. పాత్ర రాగానే పిల్లని ముందుకి తోయకుండా మీ ఒళ్ళోనే ఉంచి, మీరు చేయి కలపండి. వద్దంటే చేయి ఊపితే చాలు, వాళ్ళు దూరంగానే పలకరించి వెళ్తారు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, అందరూ ఒకేసారి బఫే దగ్గరికి వెళ్ళొద్దు. సరిగ్గా అప్పుడే గూఫీ వచ్చి ఖాళీ కుర్చీలు చూసి పక్క టేబుల్‌కి వెళ్ళిపోవచ్చు.

హాలీవుడ్ స్టూడియోస్‌లో రెండు వింత చోట్లున్నాయి. సై-ఫై డైన్-ఇన్‌లో పాతకాలపు కార్లలాంటి టేబుళ్ళు, ఎదురుగా తెర. పిల్లలకి నచ్చుతుంది. కానీ ముందు వెనక వరసల్లో కూర్చుంటాం, చీకటి, మాట్లాడుకోవడం కుదరదు. అమ్మమ్మా తాతయ్యలతో కబుర్లు చెప్పుకోవాలనుకున్న పూటకి వద్దు. ఫిఫ్టీస్ ప్రైమ్ టైమ్‌లో వడ్డించేవాళ్ళు అమ్మలా, పిన్నిలా గదమాయిస్తారు. మోచేతులు తియ్యి, కూర తిను అంటారు. అది ఆటలో భాగమని పెద్దవాళ్ళకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. తెలియకపోతే చిన్నబుచ్చుకుంటారు.

బుకింగ్, బిల్లు

రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు, ఈస్టర్న్ టైమ్ ఉదయం 6 గంటలకి ఆన్‌లైన్‌లో. డిస్నీ రిసార్ట్‌లో దిగేవాళ్ళు చెక్ఇన్ రోజుకి 60 రోజుల ముందు, తర్వాతి 10 రోజుల బసకి కూడా ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. దొరకడం కష్టమైనవి ట్రిప్ చివరి రోజుల్లో పెట్టుకుంటే వీళ్ళకి తేలిక అవుతుంది. మనుషుల లెక్కలో చంటిపాపని కూడా కలపాలి. పది మందికి ఒకే టేబుల్ కనబడకపోతే ఆరుగురికి ఒకటి, నలుగురికి ఒకటి ఒకే టైమ్‌కి తీసుకుని, అక్కడ దగ్గరగా కూర్చోబెట్టమని అడగండి. ప్రతి టేబుల్ దగ్గరా ఇంగ్లీషులో చెప్పగలిగే మనిషి ఒకరు, పెద్దవాళ్ళకి తోడు ఒకరు ఉండేలా పంచుకోండి.

దొరకలేదని వదిలేయొద్దు. చాలా రెస్టారెంట్లలో టైమ్‌కి 2 గంటల ముందు వరకు రద్దు చేసుకోవచ్చు. అది దాటితే మనిషికి 10 డాలర్ల చొప్పున పడుతుంది. అందుకని ముందు రోజు సాయంత్రం, ఆ రోజు ఉదయం చాలామంది వదిలేస్తారు. అప్పుడు యాప్‌లో మళ్ళీ మళ్ళీ చూడండి. కొన్నిచోట్ల ఆ రోజు వెయిట్ లిస్ట్‌లో చేరే వీలు కూడా యాప్‌లోనే ఉంటుంది.

మెనూలో ధరకి పన్ను, టిప్ కలవవు. పన్ను 6.5 శాతం. 6గురు, అంతకు మించి ఉంటే 18 శాతం టిప్ బిల్లులోనే వేస్తారు. బిల్లు చూడకుండా పైన మళ్ళీ టిప్ రాయకండి. ధర, పన్ను, టిప్ అన్నీ కలిపి మామయ్యకి ముందే చెప్పేస్తాను. బిల్లు వచ్చినప్పుడు ఆయన రూపాయల్లోకి మార్చుకుని బాధపడే కంటే అది నయం.

ఇంత ఖర్చుతో రోజుకి రెండు పూటలా కూర్చుని తినక్కర్లేదు. రోజుకి ఒకటి, అది కూడా రోజు విడిచి రోజు చాలు. మిగతా పూటలకి ఇంటి తిండి తీసుకెళ్ళండి. డిస్నీ పార్కుల్లోకి సొంతానికి తినే తిండి తెచ్చుకోనిస్తారు. గాజు సీసాలు, మద్యం, వేడి చేయాల్సినవి కుదరవు. పులిహోర, చపాతీ చుట్టలు, వేయించిన అటుకులు బాగుంటాయి. ఆవకాయ గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. మంచినీళ్ళ సీసాలు కొనక్కర్లేదు, క్విక్ సర్వీస్ కౌంటర్లలో అడిగితే ఐస్ నీళ్ళు ఉచితంగా ఇస్తారు.

ఇక ఆ రోజు రెస్టారెంట్ దగ్గరికి చేరుకున్నాక యాప్‌లోనే చెక్ఇన్ చేయొచ్చు, టేబుల్ సిద్ధం కాగానే మెసేజ్ వస్తుంది. ఆ లోపు పెద్దవాళ్ళని గుమ్మం దగ్గర నిలబెట్టకుండా నీడలో కూర్చోబెట్టండి. స్ట్రోలర్ బయట పెట్టే చోటుంటుంది, మందుల బ్యాగు మాత్రం అందులో వదలకండి. లోపలికి వెళ్ళగానే హై చైర్ అడగండి. బఫే అయితే కదలలేనివాళ్ళని వడ్డన వరసకి దగ్గరగా, చెవి సరిగ్గా వినబడనివాళ్ళని గోడ వైపు కూర్చోబెట్టమని చెప్పండి. కూర్చోబెట్టేసిన తర్వాత మార్చడం కష్టం, ముందే చెప్తే వీలైనంత వరకు చూస్తారు.